సర్దారు చెవి

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున వరండాలో కూర్చుని చాయ్ తాగుతుండగా నా ఫోనులోకి ఒక నీలం రంగు గీత, లింకంటారే అది, వచ్చి పడింది. నీలం గీతలను నేను నొక్కను. నొక్కితే ఏమవుతుందో నా ఈడు మిత్రులు ఒకరిద్దరు నొక్కి మరీ చూపించారు కనుక, ఆ ముచ్చట మీకూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎవరు పంపారా అని కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే మా అక్క మనవరాలు. అది చూశాక మరింత జాగ్రత్తపడ్డాను. ఆ పిల్లకు తెలుగు మాట్లాడడం వచ్చు గాని చదవడం, రాయడం రాదు, అందుకని తెలుగు మాటలనే మరాఠీ అక్షరాల్లో రాసింది. కంప్యూటరు మీద తాను చేసిన సంగీతం ఆల్బంగా విడుదలైందనీ, దాని పేరు ‘బండ సప్పుడు’ అనీ, ఆదివారం పది గంటలకు తన స్టూడియోలో అందరం కూర్చుని వింటామనీ, అందులో నా చప్పుడు కూడా ఉంది కనుక తప్పకుండా రావాలనీ దాని సారాంశం. నేను ఆ నాలుగు వాక్యాలను నాలుగుసార్లు చదివి, ‘నా చప్పుడు’ అన్న చోట ఆగిపోయాను. నా చప్పుడుతో వీళ్లకేం పని? దీని వెనకాల ఉన్నదెవరు?

మా ఆవిడ లోపలినుంచే నవ్వింది. నేను ఉప్పు డబ్బాను కూడా వాసన చూసి మూత పెట్టే మనిషినని ఆమె చుట్టాలందరికీ చెబుతుంది. నిజమే, కాదనను. అయితే ఈ అనుమానం నాకు పుట్టుకతో రాలేదు, కొలువుతో వచ్చింది. ఆ సంగతి మీకు తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మేము కరీంనగరం వైపు వాళ్లం. చంద్రపూర్ బొగ్గుబాయిల్లో పని దొరుకుతుందని మొదట మా బావ, అంటే మా అక్క పెనిమిటి, ఇటు వచ్చాడు, ఆయన వెనకాల నేను వచ్చాను, నా వెనకాల మా తమ్ముడు వచ్చాడు. బావ చదువుకోలేదు, బాయి లోపల కప్పు కింద కర్రదుంగలు నిలబెట్టే పని చేసేవాడు. నేను పదో తరగతి పాసై, తరవాత పరీక్ష రాసి సర్దారునయ్యాను. సర్దారంటే బండి మీద తిరిగే దొర అనుకునేరు, అదేమీ కాదు. పొద్దున అందరికంటే ముందు బాయిలోకి దిగి, చేతికర్రకున్న ఇనుప పొన్నుతో తలమీది బండను తట్టి, చెవి పెట్టి విని, ఇక్కడ పని చేయవచ్చు, ఇక్కడ కూడదు అని సుద్దముక్కతో గుర్తు వేసేవాడు సర్దారు. బండ గట్టిదైతే ఖంగుమంటుంది. పైన విడిపోయి ఉంటే గుల్లగా, లోతుగా, ఖాళీ గాబును తట్టినట్టు పలుకుతుందని మాకు నేర్పారు. ఆ తేడా మీదే కింద పనిచేసే ముప్పై నలభై మంది ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. ఇట్లాంటి పనిలో పాతికేళ్లు గడిపినవాడు దేన్నైనా నమ్ముతాడంటే అది వింత. ఇంట్లో పడుకున్నప్పుడు కూడా స్లాబును చూస్తూ, దీన్ని వేసిన మేస్త్రీ సిమెంటు ఎంత కలిపి ఉంటాడో అని ఆలోచించేవాణ్ణి.

నేను చాలా కప్పులను వద్దన్నాను. సన్నటి పగులు కనిపిస్తే చాలు, నీళ్ల చెమ్మ కనిపిస్తే చాలు, సుద్దతో అడ్డగీత గీసేసేవాణ్ణి. ‘గీ సర్దారు ఉండంగ మనకు ఫికర్ లేదు’ అని కూలీలు అంటుంటే నా చెవి మీద నాకు గర్వం పెరిగింది. ఆ గర్వంతో పాటు ఒక చిక్కు కూడా ఉండేది. ఇంట్లో బావ నాకంటే పెద్ద, ఆయన వస్తే నేను మంచం మీదినుంచి లేవాలి. బాయిలో నేను ఆయనకు పెద్ద, నా మాట ఆయన వినాలి. పైకి వచ్చాక ఎగతాళి చేయడం బావకు అలవాటు, బావా బావమరదుల మధ్య అది మామూలే. నాకు మాత్రం ఆ ఎగతాళిలో ఏదో ములుకు కనిపించేది. చదువు లేని తనకు కాకుండా నాకు సర్దారీ దక్కిందని లోలోపల ఏడుస్తున్నాడని అనుకునేవాణ్ణి.

ముప్పై నాలుగేళ్ల కింద, పొద్దుటి షిఫ్టులో, ఒక మలుపు దగ్గర బావ తల ఎత్తి చూసి ఆగాడు. బండ మీద చేయి పెట్టి తడిమి చూసి, పదిమంది ముందూ నాతో అన్నాడు:

“బామ్మర్దీ, గీ బండ మీద నాకు మనసొప్తలేదు. దుంగ వెట్టినంక పంపు పిలగాండ్లను.”

పదిమంది ముందూ అనకుండా, పక్కకు పిలిచి చెప్పి ఉంటే నేనేం చేసేవాణ్ణో ఇప్పుడు చెప్పలేను. నేను కర్ర ఎత్తి మూడుసార్లు తట్టాను. ఖంగుమంది. పగులు లేదు, చెమ్మ లేదు. బావ పని ఎగ్గొట్టడానికి సాకు వెతుకుతున్నాడనీ, పైగా నా మాట చెల్లకుండా చేద్దామనుకుంటున్నాడనీ నాకు రూఢి అయిపోయింది. మంచిగనే ఉన్నది, పోండ్రి అన్నాను. బావ దుంగ తేవడానికి వెళ్లాడు. బొగ్గు తట్ట పట్టుకుని అందరికంటే ముందు ఆ బండ కిందికి వెళ్లింది మా తమ్ముడు. అన్న చెప్పిన మాట కదా, వాడికి అనుమానం ఎందుకుంటుంది. బావ దుంగ మోసుకుని తిరిగి వచ్చేలోపు బండ జారింది.

వాడికప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఇద్దరు చిన్న పిల్లలు.

ఆ తరవాత నేను చేసిన పని చెబుతాను. దుంగ ఆలస్యమైందన్నాను. దుంగల చోటు దగ్గరే కదా, అంతసేపు ఎందుకు పట్టింది, తన మాటే నెగ్గాలని కావాలనే తాత్సారం చేశాడు అన్నాను. ముందు నాకు నేను చెప్పుకున్నాను, తరవాత మా మరదలికి చెప్పాను, ఆ తరవాత అడిగినవాళ్లందరికీ చెప్పాను. విచారణకు వచ్చిన అధికారి, నువ్వు చెప్పుకునేదేమైనా ఉందా అని బావను అడిగితే, ఆయన తల వంచుకుని ఏమీ లేదన్నాడు. తప్పు లేనివాడు ఎందుకు నోరు మూసుకుంటాడు? నాకు ఆ మౌనమే సాక్ష్యమైపోయింది. బావను దుంగల పనినుంచి తీసి పైన బొగ్గు ఏరే పనికి వేశారు. నేను సర్దారుగానే ఉన్నాను. దినాల నాడు బావ, అక్క బియ్యం తీసుకుని వస్తే, మా మరదలు తలుపు వేసేసింది. ఆ తలుపు వేయమన్నది నేనే.

చంద్రపూర్ ఏమంత పెద్ద ఊరు కాదు. అయినా ముప్పై ఏళ్లు ఒక మనిషికి ఎదురుపడకుండా బతకవచ్చని నేను చేసి చూపించాను. పెళ్లిళ్లలో ఆయన ఒక పందిరి మూల కూర్చుంటే నేను మరో మూల కూర్చునేవాణ్ణి. మా అక్క రాఖీ పున్నమకు నాలుగైదేళ్లు వరుసగా కబురు పంపింది, తరవాత మానేసింది. నాలుగేళ్ల కింద అక్క పోయినప్పుడు శ్మశానానికి వెళ్లి, దూరంగా నిలబడి, కట్టెలు అంటుకున్నాక వచ్చేశాను. తోడబుట్టినదాన్ని కడసారి దగ్గరికి వెళ్లి చూడలేదు.

ఇక ఈ మనవరాలి సంగతి. పుణెలో చదువుకుని వచ్చి, ఇక్కడ మన తెలుగు సావుకార్ల బట్టల దుకాణం పైన ఒక గది అద్దెకు తీసుకుని, గోడలకు పాత బొంతలు, కోడిగుడ్ల అట్టలు అంటించి దాన్ని స్టూడియో అంటోందని విన్నాను. పాడేవాళ్లు లేరు, వాయించేవాళ్లు లేరు, రైలు చప్పుడూ మిక్సీ చప్పుడూ పట్టుకొచ్చి మీటలు తిప్పి పాటలు చేస్తుందట. ఆర్నెల్ల కింద ఒక మధ్యాహ్నం ఆ పిల్ల ఎర్రటి ఎండలో మా ఇంటికి వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంటి మనిషి మా గడప తొక్కలేదు, అట్లాంటిది మైకు పట్టుకుని వచ్చిందంటే ఊరికే వచ్చి ఉండదు. నన్ను మాట్లాడించి, నా నోటినుంచి ఏదో రాబట్టి, దాన్ని రికార్డు చేసి తీసుకురమ్మని బావ పంపి ఉంటాడనుకున్నాను. పాత విచారణను ఈ వయసులో తిరగదోడుతాడేమో అనిపించింది. ఆ పిల్ల మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, తనకు మాటలు వద్దనీ, నా సర్దారు కర్రతో నేల బండలను తడితే చాలనీ అంది.

“తాతా, బాయిలో బండ ఎట్ల పలుకుతదో చంద్రపూర్ల ఇప్పుడు చెప్పేటోళ్లు ఇద్దరే ఉన్నరు. ఒకలు మా తాత. ఇంకొకలు నువ్వు.”

అనుమానం ఒక పక్క ఉన్నా, గర్వం ఊరుకోలేదు. అటక మీదినుంచి కర్ర దింపాను. మా వరండాలో ఇరవై రెండు ఫర్షి బండలున్నాయి. ఆ పిల్ల చెవులకు హెడ్‌ఫోన్ల నల్లటి డిప్పలు తగిలించుకుని, మైకు నేలకు ఆనించి, గోడవారగా కూర్చుంది. నేను ఒక్కొక్క బండనూ తట్టి, చెవి ఒగ్గి, మంచిది, మంచిది అంటూ వచ్చాను. మూలనున్న మూడు బండల దగ్గర ఆమె తల ఎత్తి నా మొహంలోకి చూసింది.

“తాతా, ఈ ఫర్షి పణ్ మంచిదేనా?”

అది కూడా మంచిదే అన్నాను. ఆ పిల్ల తన యంత్రం వంక చూసి, నా వంక చూసి, తలుపు దాకా వెళ్లి ఆగి, కాళ్లకు మొక్కి వెళ్లిపోయింది. ఆ చూపు నాకు వారం రోజులు నిద్ర పట్టనివ్వలేదు. ఏదో దొరికించుకున్న చూపు అది. ఏం దొరికిందో మాత్రం నాకు అంతు చిక్కలేదు.

అందుకే ఆ ఆదివారం నేను వెళ్లాను. పాట వినడానికి కాదు, నా మీద ఏం కూర్చారో తెలుసుకోవడానికి. మెట్లెక్కి గదిలోకి అడుగు పెడితే ఇరవై మంది దాకా నేల మీద చాపల మీద కూర్చుని ఉన్నారు. ఎక్కువమంది పిల్లలు, కొందరు మా చుట్టాలు. గోడకు ఆనించి నడుమెత్తు నల్ల డబ్బాలు రెండు, వాటిలోంచి చప్పుడు వస్తుందట. ఒక డబ్బాకు ఆనుకుని మా బావ కూర్చుని ఉన్నాడు. ఎనభై దగ్గర పడ్డాడు, సన్నగా ఎండిపోయాడు. నేను తలుపు దగ్గర, వెనక్కి తిరిగి పోవడానికి వీలుగా కూర్చున్నాను.

పాటలు మొదలయ్యాయి. మొదటి రెండింటిలో ఏదో హోరు, గిలకల కిరకిర, ఎవరిదో దగ్గు. నాకు తల తిరిగినట్టైంది గాని పిల్లలు కళ్లు మూసుకుని ఊగుతున్నారు. మూడోది పెట్టే ముందు మనవరాలు లేచి, ఇందులో ఇద్దరు తాతలు తట్టిన చప్పుళ్లున్నాయనీ, గట్టి బండ ఒకటి, గుల్ల బండ ఒకటి వంతులవారీగా వస్తాయనీ మరాఠీలో చెప్పింది. నేను ముందుకు వంగాను. ఖంగు, ఖంగు, ఖంగు అని వినబడుతోంది. ఉన్నట్టుండి గదిలో వాళ్లంతా ఒక్కసారి తల ఎత్తి పైకప్పు వంక చూశారు. తరవాత సర్దుకుని నవ్వుకున్నారు. కాసేపటికి మళ్లీ అందరూ మీదికి చూశారు. ఒక చిన్నది అమ్మ కొంగు కూడా పట్టుకుంది. నేనూ చూశాను, పైన ఫ్యాను తప్ప ఏమీ లేదు. వీళ్లంతా కూడబలుక్కుని నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. పక్కన కూర్చున్న మా అక్క కోడలిని, ఆ రెండో చప్పుడు ఇంకెప్పుడొస్తది అని అడిగాను. ఆమె నా వంక వింతగా చూసింది.

“ఎప్పటిసందో వస్తున్నది గద మామా. గిప్పుడు గూడ వచ్చింది. ఇనబడ్తలేదా?”

లేదు. నాకు వినబడేది ఒక్క ఖంగే. బండ గట్టిదైనా గుల్లదైనా, ఇనుప పొన్ను తగిలిన ఆ చప్పుడే. ఇరవై మందికి, ఐదేళ్ల పిల్లకు కూడా, వినబడుతున్న ఇంకొక చప్పుడు ఆ గదిలో ఉంది. అది నా దగ్గరికి రావడం లేదు. మా వరండా మూలనున్న బండల దగ్గర ఆ పిల్ల తల ఎందుకు ఎత్తిందో అప్పుడు తెలిసింది.

నా మొహం ఎట్లా మారిందో గాని బావ చూశాడు. చూసి, చేయెత్తి పిలిచాడు. ఎందుకు లేచానో తెలియదు, లేచి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన అరచేయి ఆ నల్ల డబ్బా మీద పరచుకుని ఉంది. దుంగల పనివాళ్లు బండను తట్టేటప్పుడు రెండో అరచేయి బండకు ఆనించేవాళ్లు, చెవిని నమ్మకుండా చేతిని నమ్మేవాళ్లు. సర్దారులం మేము దాన్ని చదువు రాని వాళ్ల పద్ధతని నవ్వేవాళ్లం. బావ నా మణికట్టు పట్టుకుని నా అరచేయిని డబ్బాకు ఆనించి, పైన తన చేయి పెట్టాడు. గట్టి బండ వచ్చినప్పుడు ఒక చిన్న తాకిడి తగిలి ఆగిపోయింది. తరవాతిది చేతిలోకి వచ్చి ఆగలేదు. వణుకుతూ మోచేతి దాకా పాకింది. చెవికి మాత్రం అప్పుడు కూడా ఏమీ లేదు.

పాట అయిపోయాక పిల్లలు చప్పట్లు కొడుతుంటే, నేను బావను అడిగాను, ఆ బండ గుల్ల పలుకు నాకు వినబడలేదని నీకు అప్పుడే తెలుసా అని. తెలుసన్నాడు. మరి విచారణలో ఎందుకు చెప్పలేదు అన్నాను. ఆయన చేయి ఇంకా తీయలేదు.

“మీ అక్కకు ఒక్క తమ్ముడు పాయె. ఇంకొకన్ని నా నోటితోని జేల్ల వెట్టియ్యాల్నా?”

మర్నాడు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. వయసు మీద పడ్డందుకే ఇట్లా అయిందని ఆయన అంటాడని ఒక ఆశ ఉండేది. ఆ మాట ఒక్కటి అంటే చాలు, నేను మళ్లీ నా పాత చోటికి వెళ్లి నిలబడగలను. డాక్టరు దీపం పెట్టి చూసి, రెండు కర్ణభేరులకూ పాత చిల్లులున్నాయనీ, చిన్నతనంలో చీము కారిన చెవులనీ, సన్నటి చప్పుళ్లు పడతాయి గాని లోతైన చప్పుళ్లు పడవనీ చెప్పాడు. చీము కారిన సంగతి నాకు జ్ఞాపకమే. మా అమ్మ వెల్లుల్లి కాచిన నూనె పోసేది. బాయి కొలువుకు ఆసుపత్రిలో పరీక్ష పెట్టినప్పుడు కాంపౌండరు తెర వెనకనుంచి మెల్లగా ఒక మాట అనేవాడు, మనం తిరిగి చెప్పాలి. వరసలో ముందు నిలబడ్డవాడు బయటికి వస్తూ ఆ మాట నా చెవిలో వేశాడు, నేను లోపలికి వెళ్లి అది అప్పజెప్పాను, కాగితం మీద ముద్ర పడింది. అందరం అట్లాగే చేశాం. దాన్ని మోసమనుకోలేదు, దోస్తానా అనుకున్నాం. బయటికి వస్తూ నా వెనకవాడికి నేనూ చెప్పాను. బాయిలో దిగాక నాకు వినబడిందే చప్పుడనుకున్నాను, నేర్పిన ఆ గుల్ల పలుకు నా చెవికి పడడం లేదని నాకు ఎట్లా తెలుస్తుంది? ఇంత అనుమానం మనిషిని, కప్పునూ కూలీనీ బావనూ పసిపిల్లనూ కూడా అనుమానించినవాణ్ణి, ఒక్కనాడైనా నా చెవిని అనుమానించలేదు.

మా మరదలు ఇప్పుడు విరూర్‌లో కొడుకు దగ్గర ఉంటోంది, కొడుకు ఉప్పర్వాహి వైపు పనికి వెళ్లి వస్తాడు. ఆ వారమే రైలెక్కి విరూర్ వెళ్లాను. దారంతా వాక్యాలు కూర్చుకున్నాను, ఆమె ఎదుట ఒక్కటీ నిలవలేదు. నాకు వినబడదనీ, ఆ రోజు బావ వద్దంటే నేనే పొమ్మన్నాననీ, దుంగ మాట అబద్ధమనీ చెప్పాను. ఆమె చేటలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చేయి ఆగింది.

“ఎప్పటి సంది ఇనబడ్తలేదు బావా?”

చిన్నప్పటి సంది అన్నాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. చేట పక్కన పెట్టి, గోడ మీది తమ్ముడి ఫోటో వంక చూడకుండా, వాకిలి తలుపు వంక చూసింది. మా బావ ఆమెకు అన్న వరస. ఒక్క మాట అంది.

“అన్నను ఒక్కపారి ఇంటికి రమ్మనుండ్రి. నేను తలుపేసిన.”

బావ వెళ్లాడు. ఈ నెలలో రెండుసార్లు వెళ్లి వచ్చాడట. మరదలు ఆయనకు చీకటి పడకముందే అన్నం పెట్టి రైలెక్కించి పంపిందట. నాతో మాత్రం ఆ రోజు తరవాత మాట్లాడలేదు, ఫోను చేస్తే కొడుకు ఎత్తుతున్నాడు. దానికి నేను ఎవరినీ ఏమీ అనలేను.

మన కాలపు బాయిలు చాలామటుకు మూతపడ్డాయి. సాస్తి వైపు వెళ్లి చూస్తే బొగ్గంతా ఆకాశం కిందే తవ్వుతున్నారు, తలమీద బండ లేదు, తట్టి చూసే సర్దారు లేడు. చెవుల పరీక్ష కూడా ఇప్పుడు అద్దాల గదిలో యంత్రంతో చేస్తారట, ముందువాడు వెనకవాడికి చెప్పే వీలు లేదట. మంచిదే అయింది. నేను ఇప్పుడు వారానికొకసారి మా అక్క ఇంటికి వెళుతున్నాను. ముప్పై నాలుగేళ్ల తరవాత ఆ ఇంట్లో నాకు కుర్చీ వేస్తున్నారు. బావా నేనూ ఎదురెదురుగా కూర్చుంటాం, మనవరాలు చాయ్ తెచ్చి ఇస్తుంది. వెళ్లిన ప్రతిసారీ నాకు తెలియకుండానే వంటింటి వైపు చూస్తాను. వచ్చినవా తమ్మీ అని అడిగే మనిషి ఆ ఇంట్లో ఇప్పుడు లేదు.